‘ఎ’ క్లాస్ వస్తే ముందే వదిలేస్తారా?

న్యాయ సందేహాలు: ఖైదీల వర్గీకరణ, రెమిషన్
(సమాధానాలు: జైలు కేసులు చూసే న్యాయవాది, విశ్రాంత జైలు అధికారి)

జైల్లో ఉన్నవాళ్ల కుటుంబాల నుంచి వచ్చిన ఉత్తరాలు చూస్తే దాదాపు అందరి బెంగా ‘క్లాస్’ మీదే. ఒకరికి అది ఎ క్లాస్, ఒకరికి హ్యాబిచువల్ (పదేపదే శిక్షలు పడినవాడు), ఇంకొకరికి లైఫర్ (జీవిత ఖైదీ). ఇవన్నీ ఒకే రకం వర్గీకరణలు కావు. కొన్ని ఖైదీ తిండినీ పడకనూ మారుస్తాయి, కొన్ని మాత్రమే విడుదల తేదీని కదిలిస్తాయి. ఏది ఏదో తెలియక కొందరు దళారుల చేతిలో డబ్బు పోస్తున్నారు. అందుకే ఈసారి శీర్షికంతా దీనికే.

మా తమ్ముడికి ఏడేళ్ల కఠిన కారాగార శిక్ష పడింది. డిగ్రీ చదివాడు, పన్నులు కట్టాడు. ‘ఎ క్లాస్ పెట్టిస్తే రెండేళ్ల ముందే బయటికొస్తాడు’ అని ఒకాయన లక్ష అడుగుతున్నాడు. నిజమేనా?
– పేరు వద్దన్న పాఠకుడు, నెల్లూరు జిల్లా

నిజం కాదు. ఆ లక్ష ఇవ్వకండి.

ఎ, బి, సి తరగతులు బ్రిటిష్ కాలం నాటి ఏర్పాటు. చదువు, హోదా, అలవాటుపడిన జీవన విధానం, చేసిన నేరం తీరు చూసి కోర్టు సిఫారసు చేస్తుంది, ప్రభుత్వం ఖాయం చేస్తుంది. కొన్నిచోట్ల దీన్నే ప్రత్యేక తరగతి అంటారు. దాంతో మంచం, పరుపు, వేరే గది, భోజనంలో తేడా, ఉత్తరాలకూ ములాఖత్‌లకూ కాస్త వెసులుబాటు దొరుకుతాయి. శిక్షలో ఒక్క రోజు కూడా తగ్గదు.

రోజులు తగ్గించేది రెమిషన్. 1894 నాటి జైళ్ల చట్టంలోనే దీనికి నిర్వచనం ఉంది: ఖైదీకి మార్కులు వేసి, వాటిని బట్టి శిక్ష కుదించే పద్ధతి. లెక్కలు ఏ రాష్ట్రం జైలు నిబంధనల్లో ఆ రాష్ట్రం రాసుకుంటుంది. కేంద్రం 2016లో ఇచ్చిన నమూనా జైలు మాన్యువల్ ప్రకారం మంచి నడవడికకు నెలకు 3 రోజులు, అప్పగించిన పనిని నిర్ణీత ప్రమాణంలో చేసినందుకు మరో 3 రోజులు. ఏడాదిపాటు జైలు నేరం ఏదీ లేకుంటే అదనంగా 30 రోజులు. ఆదివారాలు, సెలవు రోజులు కూడా చేయాల్సిన వంట, పారిశుధ్యం వంటి పనులకు ఇంకా ఎక్కువ వస్తాయి. రక్తదానం, చదువు, ఆపద సమయంలో సిబ్బందికి సాయం వంటివాటికి సూపరింటెండెంటు, పై అధికారులు ఇచ్చే ప్రత్యేక రెమిషన్ వేరు. మొత్తం రెమిషన్ శిక్షలో ఇంత భాగాన్ని దాటరాదని ప్రతి రాష్ట్రం ఒక పరిమితి పెట్టుకుంటుంది.

మీ తమ్ముడి వంటి కేసును లెక్క వేసి చూద్దాం. 2024 మార్చి 10న ఏడేళ్ల శిక్ష పడిందనుకోండి. అప్పటికే రిమాండులో 150 రోజులు గడిపాడు. రెమిషన్ ఏమీ లేకుంటే శిక్ష 2031 మార్చి 9తో ముగియాలి. రిమాండు రోజులు సెట్ ఆఫ్ (శిక్షలోంచి మినహాయింపు) కింద పోతే 2030 అక్టోబర్ 10 అవుతుంది. రెమిషన్ లెక్క శిక్ష పడిన మరుసటి నెల మొదటి తేదీ నుంచి, అంటే 2024 ఏప్రిల్ 1 నుంచి మొదలవుతుంది. నెలకు 6 చొప్పున 61 నెలలకు 366 రోజులు. ఐదేళ్లు మచ్చ లేకుండా గడిపితే ఏటా 30 చొప్పున 150. మొత్తం 516 రోజులు. వాటిని తీసేస్తే విడుదల 2029 మే 12కు వస్తుంది. పదిహేడు నెలల లాభం, అదీ సి క్లాసులో ఉంటూనే.

ఇక్కడ తేడా కొట్టే చోట్లు మూడు. మొదటిది, రిమాండు రోజులు శిక్షలోంచి పోతాయే గానీ ఆ రోజులకు రెమిషన్ రాదు. రెండోది, సాధారణ కారాగార శిక్ష అయితే పని తప్పనిసరి కాదు. ‘హమ్మయ్య’ అనుకుని ఖాళీగా కూర్చుంటే రెమిషన్‌కు గండి పడుతుంది. అలాంటివారు తామే పని అడిగి రాయించుకోవాలి. ఎ క్లాసులో ఉన్నవారికీ ఇదే వర్తిస్తుంది, పని చేస్తేనే పని రెమిషన్. మూడోది, ఏడాదికి వచ్చే 30 రోజులు. మధ్యలో జైలు నేరం కింద శిక్ష పడితే (కేవలం హెచ్చరిక అయితే కాదు) ఏడాది గడువు ఆ తేదీ నుంచి మళ్లీ మొదలవుతుంది. పదకొండో నెలలో సెల్‌ఫోన్‌తో దొరికితే పోయేది ఆ ఒక్క నెల కాదు, ఏడాది కష్టమంతా. పైగా అప్పటిదాకా కూడబెట్టుకున్న రెమిషన్‌లో కొంత కోత పెట్టే అధికారం కూడా జైలు అధికారులకు ఉంది.

మా నాన్న హిస్టరీ టికెట్‌లో (జైల్లో ఖైదీ వివరాలు రాసే రికార్డు) ‘హ్యాబిచువల్’ అని రాశారట. ఆయన మీద పాతవి రెండు కేసులున్నాయి. ఒకటి కొట్టేశారు, ఒకటి ఇంకా నడుస్తోంది. దీనివల్ల నష్టమేమిటి? మార్పించవచ్చా?
– ఒక కూతురు, మహబూబ్‌నగర్

మీరు భయపడాల్సిన మాట ఇదేనమ్మా, ఎ, బి, సి కాదు.

జైల్లో శిక్షపడిన ఖైదీలను క్యాజువల్, హ్యాబిచువల్ అని విడదీస్తారు. మొదటిసారి తప్పు చేసినవారు పదేపదే శిక్షలు పడినవారితో కలవకూడదన్నది ఉద్దేశం. కానీ ఆ ముద్ర బ్యారక్‌తో ఆగదు. ఓపెన్ జైలుకు (గోడలు, కాపలా తక్కువగా ఉండే జైలు) ఎంపిక చేసేటప్పుడు హ్యాబిచువల్ పేరు పక్కన పెడతారు. జైల్లో బాధ్యత గల పనులు, వాటితో వచ్చే అదనపు రెమిషన్ దూరమవుతాయి. పెరోల్, ఫర్లో (జైలు నుంచి ఇచ్చే తాత్కాలిక సెలవులు) దరఖాస్తులో పోలీసులు ముందు ఎత్తి చూపేది దాన్నే. ముందస్తు విడుదల జీవోల్లోని మినహాయింపుల జాబితాలోనూ ఆ మాట కనబడవచ్చు. నెలవారీ రెమిషన్ మాత్రం ఆ ముద్ర ఒక్కదానివల్ల ఆగదు.

ఇక మార్పించడం. కొట్టేసిన కేసు, విచారణలో ఉన్న కేసు శిక్షల లెక్కలోకి రావు. హ్యాబిచువల్ అనడానికి చట్టం చూసేది పడిన శిక్షలను, పోలీసు స్టేషన్లోని అనుమానాలను కాదు. 2024 అక్టోబర్ 3న సుకన్య శాంత కేసులో సుప్రీంకోర్టు ఈ సంగతి తేల్చి చెప్పింది. కులాన్ని బట్టి జైల్లో పనులు, బ్యారక్‌లు పంచే నిబంధనలను కొట్టేసి, రిజిస్టర్లలో కులం గడి తీసేయమంది. రాష్ట్రాల హ్యాబిచువల్ అఫెండర్స్ చట్టాల్లో ఉన్న నిర్వచనం ప్రకారమే జైలు మాన్యువల్‌లోని ఆ మాటను అర్థం చేసుకోవాలంది. సంచార తెగలో పుట్టాడనో, ‘పాత నేరస్తుల కులం’ అనో ఆ ముద్ర వేయడం ఇక చెల్లదు.

చేయాల్సింది ఇదీ. కొట్టేసిన కేసు తీర్పు ధ్రువీకృత నకలు, నడుస్తున్న కేసు ఏ దశలో ఉందో చూపే కోర్టు కాగితం తీసుకోండి. ఆయన పేరు, ఖైదీ నంబరు, శిక్ష వేసిన కోర్టు, కేసు నంబరు రాసి, వర్గీకరణ సమీక్షించమని సూపరింటెండెంటుకు అర్జీ పెట్టండి. లోపలి నుంచి ఆయనా ఒకటి పెట్టాలి. దాని కాపీ జిల్లా న్యాయసేవాధికార సంస్థకు పంపండి. ప్రతి జైలుకూ ఆ సంస్థ తరఫు ప్యానెల్ లాయర్ వస్తుంటారు, ఫీజు అడగరు. జవాబు రాకుంటే జైళ్ల శాఖ అధిపతికి, ఆ తర్వాత హైకోర్టులో రిట్. మొదటి అర్జీకి అందినట్టు ముద్ర, తేదీ వేయించుకోవడం మరవద్దు. రిట్ దగ్గర జడ్జి మొదట అడిగే కాగితం అదే.

జీవిత ఖైదు అంటే 14 ఏళ్లా, 20 ఏళ్లా? పగలొక రోజు, రాత్రొక రోజు లెక్క కాబట్టి ఏడేళ్లకే వచ్చేస్తారని ఊళ్లో అంటున్నారు.
– ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

పగలూ రాత్రీ రెండు రోజులన్న లెక్క ఏ చట్టంలోనూ లేదు. ఇరవై నాలుగు గంటలు ఒక్క రోజే.

జీవిత ఖైదు అంటే బతికినంత కాలం. 1961లో గోపాల్ వినాయక్ గోడ్సే కేసులోనే సుప్రీంకోర్టు ఈ మాట చెప్పింది: సంపాదించిన రెమిషన్ ఎంత ఉన్నా, ప్రభుత్వం మిగతా శిక్షను రద్దు చేస్తూ ఉత్తర్వు ఇవ్వనిదే విడుదల లేదు. 20 ఏళ్లన్న మాట పాత శిక్షాస్మృతి (ఐపీసీ) 57, ఇప్పటి భారతీయ న్యాయ సంహిత 6వ సెక్షన్ నుంచి వచ్చింది. శిక్షలో సగం, పావు అని భిన్నాలు లెక్కగట్టాల్సి వచ్చినప్పుడు మాత్రమే జీవిత ఖైదును 20 ఏళ్లుగా తీసుకుంటారు. 14 ఏళ్లు దాటితే హక్కుగా వదలాలన్నదీ అపోహే. అది కనీస గడువు, ఆ తర్వాతే ఫైలు కదలవచ్చని అర్థం.

అసలు వర్గీకరణ ఇక్కడ జరుగుతుంది, అదీ జైల్లో కాదు, తీర్పు కాగితం మీద. జీవిత ఖైదీలు కనీసం మూడు రకాలు.

ఒకటి, మరణశిక్ష కూడా వేయగల నేరానికి జీవిత ఖైదు పడినవారు, లేదా మరణశిక్ష జీవిత ఖైదుగా మారినవారు. హత్య కేసులన్నీ ఇందులోకే వస్తాయి. వీరికి పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ (సీఆర్‌పీసీ) 433ఎ, ఇప్పటి భారతీయ నాగరిక సురక్షా సంహిత (బీఎన్ఎస్ఎస్) 475 వర్తిస్తుంది. 14 ఏళ్లు నిజంగా జైల్లో గడపాలి. రిమాండు కాలం ఇందులో కలుస్తుంది, రెమిషన్ కలవదు. 433ఎ 1978 డిసెంబర్ 18న అమల్లోకి వచ్చింది. 1980లో మారూ రామ్ కేసులో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది.

రెండు, జీవిత ఖైదు వరకే శిక్ష ఉండి మరణశిక్ష లేని నేరాలు. హత్య కాని నరహత్య (ఐపీసీ 304 మొదటి భాగం), బందిపోటు దోపిడీ (395) ఇలాంటివి. వీరికి 14 ఏళ్ల అడ్డుకట్ట లేదు. రాష్ట్ర ప్రభుత్వ విధానంలో ఏ గడువు ఉంటే అదే. వరకట్న మరణం (304బి) కూడా చట్టరీత్యా ఈ గుంపులోదే, కానీ క్షమాభిక్ష జీవోలు సాధారణంగా దాన్ని మినహాయిస్తాయి. అందుకే సెక్షన్ ఒక్కటే చూసి ఆశ పెట్టుకోకండి, జీవోలోని మినహాయింపుల పేరా కూడా చదవండి.

మూడు, తీర్పులోనే తలుపు మూసినవారు. ‘మిగిలిన సహజ జీవితమంతా’ అని రాసినవి, లేదా ‘రెమిషన్ లేకుండా 25 ఏళ్లు, 30 ఏళ్లు’ అని రాసినవి. 2008లో స్వామి శ్రద్ధానంద కేసుతో మొదలైన ఈ పద్ధతిని 2015లో శ్రీహరన్ కేసులో రాజ్యాంగ ధర్మాసనం ఆమోదించింది. హత్య కేసుల్లో ఇలాంటి శిక్ష వేసే అధికారం హైకోర్టు, సుప్రీంకోర్టులకే ఉంది. కింది కోర్టు తనంతట తాను అలా రాసి ఉంటే అప్పీలులో ఎత్తి చూపాల్సిన అంశమే.

గవర్నరు అధికారం వేరు. రాజ్యాంగంలోని 161వ అధికరణకు 14 ఏళ్ల షరతు లేదని మారూ రామ్ కేసులోనూ, 2021లో హర్యానాకు చెందిన రాజ్‌కుమార్ కేసులోనూ చెప్పారు. తెలుగు రాష్ట్రాల్లో రిపబ్లిక్ డే, స్వాతంత్ర్య దినం వంటి సందర్భాల్లో వచ్చే విడుదలలు ఈ దారిలోనివే. గవర్నరు మంత్రివర్గ సలహా మీదే సంతకం పెడతారు కాబట్టి ఎవరికి వర్తిస్తుందో జీవోలోనే తేలుతుంది. ఆ జీవోల్లో గడువులు జంటగా ఉంటాయి: రిమాండుతో కలిపి వాస్తవంగా ఇన్నేళ్లు, రెమిషన్‌తో కలిపి ఇన్నేళ్లు. రెండూ నిండాలి. మామూలు ఖైదీలా నెలనెలా వచ్చే రెమిషన్ లైఫర్‌కు అక్కరకొచ్చేది ఈ రెండో అంకె దగ్గరే.

మా ఆయనకు 14 ఏళ్లు నిండాయి. ఆయన కంటే వెనక వచ్చినవాళ్లు వెళ్లిపోయారు, ఈయన ఫైలు కదలడంలేదు. దరఖాస్తు ఎవరికి పెట్టాలి?
– ఒక గృహిణి, కడప

దరఖాస్తు లేదన్న కారణంతో ఆపడానికి వీల్లేదు. ముందస్తు విడుదల విధానం ఉన్న రాష్ట్రంలో, అర్హత వచ్చిన ప్రతి ఖైదీ కేసూ ప్రభుత్వమే పరిశీలించాలని 2025 ఫిబ్రవరి 18న సుప్రీంకోర్టు ఆదేశించింది. తిరస్కరిస్తే క్లుప్తంగానైనా కారణాలు రాసి ఖైదీకి చెప్పాలి. అయినా మీరు ఒక అర్జీ పెట్టడమే మంచిది. ఫైలు పోయిందనే మాటకు తావుండదు.

ఫైలు నడక ఇలా ఉంటుంది. సూపరింటెండెంటు కార్యాలయంలో నామినల్ రోల్ తయారవుతుంది. శిక్ష, సెక్షన్లు, రిమాండు రోజులు, రెమిషన్, పెరోల్, జైలు శిక్షలు అన్నీ ఒకే పట్టికలో. దాంతోపాటు పోలీసుల నివేదిక, ప్రొబేషన్ అధికారి నివేదిక, శిక్ష వేసిన కోర్టు జడ్జి అభిప్రాయం తెప్పిస్తారు. జడ్జి ‘సిఫారసు చేయడం లేదు’ అని ఒక్క ముక్క రాస్తే చాలదు, కారణాలు ఉండాలని 2022లో రామ్‌చందర్ కేసులో సుప్రీంకోర్టు అంది. జైళ్ల శాఖ, హోం శాఖ దాటాక ప్రభుత్వం నిర్ణయిస్తుంది. సీబీఐ దర్యాప్తు చేసిన కేసయితే కేంద్రం సమ్మతి లేకుండా రాష్ట్రం వదలకూడదు. ఇంకో రాష్ట్రంలో శిక్ష పడి మన జైలుకు మారినవారి విషయంలో నిర్ణయించాల్సింది శిక్ష వేసిన రాష్ట్రమే. 2024 జనవరిలో బిల్కిస్ బానో కేసు తీర్పు తిరిగింది ఈ అంశం మీదే.

నిర్ణయించేటప్పుడు చూడాల్సిన ప్రశ్నలు 2000లో లక్ష్మణ్ నస్కర్ కేసులో ఇచ్చారు. నేరం ఒక వ్యక్తికే పరిమితమా, సమాజాన్ని తాకిందా? మళ్లీ చేసే అవకాశం ఉందా? నేరం చేసే సత్తువ ఇంకా మిగిలిందా? ఇంకా లోపల ఉంచితే ప్రయోజనముందా? కుటుంబం పరిస్థితి ఏమిటి? మీ అర్జీ ఈ వరుసలోనే ఉంటే చదివే అధికారికి పని తేలిక. వయసు, జబ్బుల ఆసుపత్రి కాగితాలు, జైల్లో పాసైన పరీక్షలు, నేర్చిన పని, బయటికొస్తే ఉండబోయే ఇల్లు, పోషించేవారి పేరు జతచేయండి. ‘దయతో విడుదల చేయగలరు’ అని రెండు పేజీలు రాసేకంటే ఇవి నాలుగు కాగితాలు మేలు.

మీ ఆయన ఫైలు ఆగడానికి అవకాశమున్న చోట్లు చెబుతాం, ములాఖత్‌లో ఒక్కొక్కటీ అడగండి.

అన్నిటికంటే మామూలుగా జరిగేది రిమాండు కాలం తప్పుగా పడటం. మొదట సబ్‌జైలు, తర్వాత జిల్లా జైలు, ఆపై సెంట్రల్ జైలు మారినప్పుడు పాత జైలులోని రోజులు రికార్డుకెక్కకుండా పోతాయి. తీర్పు చివరి పేజీల్లో సెట్ ఆఫ్ పేరా ఉంటుంది, దానితో సరిచూడాలి. తేడా ఉంటే శిక్ష వేసిన కోర్టు నుంచి రిమాండు ధ్రువీకరణ తెప్పించాలి.

తర్వాతది పెరోల్. పెరోల్ మీద బయట ఉన్న రోజులు 14 ఏళ్ల వాస్తవ శిక్షలో కలపరాదని 2023 జనవరిలో రోహన్ ధుంగట్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అప్పీలు సమయంలో బెయిలుపై ఉన్న కాలమూ అంతే. కాబట్టి క్యాలెండర్‌లో 14 నిండినా రికార్డులో 13 ఏళ్ల చిల్లరే ఉండవచ్చు. ఫర్లో సంగతి వేరు, మంచి నడవడికకు ఇచ్చే ఆ సెలవు శిక్షలో భాగంగానే లెక్కకొస్తుంది. పెరోల్ నుంచి ఒక్కరోజు ఆలస్యంగా వచ్చి ఉన్నా అది జైలు నేరంగా నమోదై ఉండొచ్చు.

ఇంకోటి, వేరే కేసులో పాత పీటీ వారెంట్ (ఖైదీని ఆ కోర్టులో హాజరుపరచమనే ఉత్తర్వు). ఎప్పుడో కొట్టేసిన కేసుదైనా, కోర్టు నుంచి రద్దు కాగితం జైలుకు చేరకపోతే ‘పెండింగ్ కేసు ఉంది’ అనే కనిపిస్తుంది.

చివరిగా, ఏ విధానం వర్తించాలన్న గొడవ. శిక్ష పడిన రోజున ఉన్న విధానమే కొలమానం, తర్వాత వచ్చినది ఇంకా ఉదారంగా ఉంటే దాని లాభమూ ఇవ్వాలి. ఇది 2010లో హర్యానాకు చెందిన జగదీశ్ కేసు. కొత్త జీవోలో లేరని తోసేస్తే పాత జీవో నంబరు చూపించి అడగండి.

మా అబ్బాయికి గంజాయి కేసులో పదేళ్లు, లక్ష జరిమానా. జైల్లో వంట పని చేస్తున్నాడు, ఒక్క మచ్చ లేదు. ఎంత తగ్గుతుంది?
– ఒక తండ్రి, అల్లూరి సీతారామరాజు జిల్లా

కష్టమైన జవాబే చెప్పాలి. మాదకద్రవ్యాల చట్టం (ఎన్‌డీపీఎస్) 32ఎ సెక్షన్ ప్రకారం, ఆ చట్టం కింద పడిన శిక్షకు రెమిషన్ లేదు. సొంతంగా వాడినందుకు పడే 27వ సెక్షన్ ఒక్కటే మినహాయింపు. మీవాడి ప్రవర్తన ఎంత బాగున్నా ఈ వర్గంలో పడ్డాక నెలకు ఆరు రోజుల లెక్క నడవదు. జైలు అధికారిని తప్పుపట్టి లాభం లేదు, ఆయన చేతిలో ఏమీ లేదు.

మిగిలినవి: రిమాండు రోజుల సెట్ ఆఫ్ వస్తుంది. పెరోల్‌కు 32ఎ అడ్డం కాదు. హైకోర్టులో అప్పీలు ఉంటే శిక్ష నిలిపివేసి బెయిలు ఇచ్చే అధికారం కోర్టుకు ఉంది. ఈ రెండూ 2000లో దాదు కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. కాబట్టి మీ శక్తినంతా అప్పీలు మీద పెట్టండి. తూకం, నమూనా తీసిన విధానం, సోదాకు ముందు చట్టం చెప్పిన హక్కు తెలియజేశారా లేదా అన్నవి పరీక్షించే చోటు అది. పరిమాణం వాణిజ్య స్థాయి నుంచి కిందికి దిగిందంటే శిక్షే మారిపోతుంది.

వంట పని మాన్పించకండి. కూలి డబ్బు వస్తుంది, పెరోల్ ఫైల్లో మంచి మాటగా పడుతుంది.

శిక్ష పూర్తయింది కానీ 20 వేల జరిమానా కట్టలేక మా బావ ఇంకా లోపలే ఉన్నాడు. కట్టకపోతే ఆరు నెలలట. దానికి రెమిషన్ రాదా?
– ఒక పాఠకుడు, ఆదిలాబాద్

రాదు. జరిమానా బదులు గడిపే జైలుకు రెమిషనూ లేదు, రిమాండు రోజుల సెట్ ఆఫూ లేదు. అయితే కట్టినంత మేరకు తగ్గుతుంది. మీ లెక్కలో 10 వేలు కడితే మూడు నెలలు గడపగానే వదలాలి. మూడు నెలలు ఇప్పటికే అయిపోయి ఉంటే 10 వేలు కట్టిన రోజే బయటికి రావాలి. మొత్తం కట్టాలేమోనని ఆగిపోయినవాళ్లు చాలామంది ఉంటారు.

పేద ఖైదీల కోసం కేంద్రం 2023లో తెచ్చిన పథకంలో శిక్షపడినవారికి 25 వేల దాకా జరిమానా కట్టే వీలుంది. జిల్లా స్థాయి సాధికార కమిటీ నిర్ణయిస్తుంది, న్యాయసేవాధికార సంస్థ ద్వారా అడగాలి. ఎన్‌డీపీఎస్, ఉపా (చట్టవ్యతిరేక కార్యకలాపాల నిరోధక చట్టం), మనీ లాండరింగ్, అవినీతి నిరోధక చట్టం కేసులకు వర్తించదు.

మా అన్న పదహారు నెలలుగా రిమాండ్ ఖైదీ. లోపల చక్కగా ఉంటున్నాడు. రేపు శిక్ష పడితే ఈ మంచితనం లెక్కకొస్తుందా?
– ఒక విద్యార్థిని, హన్మకొండ

రోజులు లెక్కకొస్తాయి, మంచితనానికి రెమిషన్ రాదు. మీకు పనికొచ్చేది బీఎన్ఎస్ఎస్ 479. ఆ నేరానికి ఉన్న గరిష్ఠ శిక్షలో సగం రిమాండులో గడిస్తే బెయిలుకు అర్హత. ఇంతకుముందు ఎన్నడూ శిక్ష పడనివారికి మూడో వంతు చాలు. గరిష్ఠం నాలుగేళ్లనుకుంటే, మొదటిసారి వచ్చినవారికి పదహారు నెలలకే గడువు నిండినట్టు. మరణశిక్ష, జీవిత ఖైదు ఉన్న నేరాలకు ఇది లేదు. ఒకటికి మించి కేసులు విచారణలో ఉన్నా వర్తించదు. గడువు నిండగానే కోర్టుకు రాయాల్సిన బాధ్యత సూపరింటెండెంటుదని చట్టమే చెబుతోంది. 2024 జూలై 1కి ముందు నమోదైన కేసులకూ ఇది వర్తిస్తుందని సుప్రీంకోర్టు ఆ ఆగస్టులోనే స్పష్టం చేసింది. జైల్లో ‘మొదటిసారి’ అన్న గడి సరిగా నింపారో లేదో చూడండి.

ఓపెన్ జైలుకు పంపితే రెమిషన్ ఎక్కువంటారు. ఎవరిని పంపుతారు?
– ఒక పాఠకుడు, అనంతపురం

మీ జిల్లాలోనే ఒకటుంది. తెలంగాణలో చర్లపల్లిలో ఉంది. గోడలు, కాపలా తక్కువ, వ్యవసాయం, పశువులు, పెట్రోలు బంకు వంటి పనులు. చాలా రాష్ట్రాల్లో ఓపెన్ జైలులో పనికి ఇచ్చే రెమిషన్ మూసిన జైలు కంటే ఎక్కువ. అందుకే పోటీ ఉంటుంది.

పంపేది అడిగినవారిని కాదు, కమిటీ ఎంపిక చేసినవారిని. శిక్షలో కొంత భాగం గడిచి, నడవడిక బాగుండి, పని చేయగల ఆరోగ్యమున్న క్యాజువల్ ఖైదీలకు అవకాశం. తప్పించుకున్నవారు, ప్రయత్నించినవారు, హ్యాబిచువల్‌లు, ఇతర కేసులు పెండింగులో ఉన్నవారు జాబితా దాటలేరు. లోపల ఉన్నవారు చేయగలిగింది ఒకటుంది: అప్పీలు ముగిసిందా లేదా, వేరే కేసులు తీరాయా లేదా అన్న కాగితాలు ఎంపిక ముందే రికార్డులో ఉండేట్టు చూసుకోవడం.

వెళ్లాక తాగి దొరికినా, హద్దు దాటినా మళ్లీ మూసిన జైలే. సంపాదించిన రెమిషన్‌కూ కోత పడుతుంది. అన్యాయంగా శిక్ష వేశారనిపిస్తే ఆ ఎంట్రీని అలా వదిలేయకండి. ఖైదీ హక్కులకు కోత పెట్టే శిక్షలు సెషన్స్ జడ్జి పరిశీలనకు వెళ్లాలని సునీల్ బాత్రా రెండో కేసులోనే సుప్రీంకోర్టు చెప్పింది. జడ్జి జైలు తనిఖీకి వచ్చిన రోజున ఖైదీ స్వయంగా చెప్పుకోవచ్చు, లేదా ప్యానెల్ లాయర్ చేత రాయించవచ్చు. ఏడాది తర్వాత నామినల్ రోల్‌లో ఆ గీత కనబడ్డాక అడిగితే సాక్షులూ ఉండరు, అప్పటి అధికారీ ఉండడు.